తడి ఉంటేనే ఈ ఆర్కిడ్

ఆర్కిడ్ అనగానే మామిడి కొమ్మనో ఇప్ప మానునో కరచుకుని పెరిగే వాండా గుర్తుకొస్తుంది, లేదా పూల దుకాణంలోని ఖరీదైన కుండీ. నీరు ఊరే నేలలో, గడ్డి మధ్య గడ్డిలా బతికే ఆర్కిడ్లూ ఉన్నాయి. తెలుగు నేలలో నమోదైన అలాంటి జాతి జ్యూక్సిన్ స్ట్రాటియుమాటికా. మొక్క జానెడుకు మించి పెరగడం అరుదు. ఆకులు సన్నగా, ఒక్కోసారి ఎర్రబారి ఉంటాయి. చలికాలంలో పొట్టి కంకి మీద తెల్లని చిన్న పూలు ఒత్తుగా పూస్తాయి, ప్రతి పువ్వుకూ పసుపు పెదవి ఉంటుంది. పూలు లేని రోజుల్లో దాన్ని తొక్కుకుంటూ పోయినా తెలియదు. ఇలాంటి మొక్కను కాపాడాలంటే ముందు కాపాడాల్సింది దాని కాళ్ల కింది తడిని అన్నదే ఈ వ్యాసం వాదన.

ఆ తడి ఎంత అరుదో తెలంగాణలోని ఒక అడవిని చూస్తే తెలుస్తుంది. ఇల్లందు నుంచి కిన్నెరసాని మీదుగా భద్రాచలం వైపు సాగేది ఆకురాల్చే అడవి. టేకు, ఇప్ప, తునికి, నల్లమద్ది దాని ప్రధాన వృక్షాలు. ఏడాది వానలో అధిక భాగం జూన్, సెప్టెంబర్ మధ్యే కురిసిపోతుంది. వేసవికి నేల బీటలు వారుతుంది. పూల కాలం దాకా పైపొర ఆరకుండా ఉండేది కొన్ని చోట్లే: వాగు ఒడ్డు, ఊట ఉన్న పల్లం, చెరువు అలుగు దిగువ, వరిమడి గట్టు. అడవి విస్తీర్ణంతో పోలిస్తే ఇవి చిన్న చిన్న మరకలు. చిత్తడి ఆర్కిడ్లకు అనువైన చోటు ఆ మరకలే. అందుకే అడవి ఎన్ని చదరపు కిలోమీటర్లు మిగిలిందన్న లెక్క ఒక్కటే వీటి క్షేమం గురించి ఏమీ చెప్పదు.

తడి ఎందుకంత ముఖ్యమో విత్తనం చెబుతుంది. ఆర్కిడ్ కాయలో వేల విత్తనాలుంటాయి, కొన్ని జాతుల్లో లక్షలు కూడా. కానీ అవి ధూళి రేణువులంత సూక్ష్మం, మొలకకు కావలసిన ఆహారం వాటిలో నిల్వ ఉండదు. ఆ ఆహారాన్ని మట్టిలోని శిలీంధ్రం అందించాలి. ఈ రహస్యాన్ని 1899లో ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు. గాలికి విత్తనం ఎంత దూరమైనా పోవచ్చు, తగిన శిలీంధ్రం లేనిచోట పడితే వృథా. చిత్తడి నేల ఆర్కిడ్ల విషయంలో మట్టి ఎండితే మొక్కతో పాటు మొలకకు అన్నం పెట్టే శిలీంధ్రమూ దెబ్బతినవచ్చు.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. ఈ జ్యూక్సిన్ అరుదైనది కాదు. ఆసియా నుంచి వెళ్లి 1936 నాటికే అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించింది, అక్కడి పచ్చిక మైదానాల్లో కలుపులా వ్యాపించింది. అలాంటి దాని గురించి బెంగ దేనికని అడగవచ్చు. దాని విజయానికి ఒక కారణం పునరుత్పత్తిలో ఉంది. కన్నడ రచయితగానూ పేరొందిన వృక్షశాస్త్రజ్ఞుడు బి.జి.ఎల్. స్వామి 1940లలో దీని పిండ నిర్మాణాన్ని అధ్యయనం చేశారు. ఫలదీకరణ లేకుండానే ఇందులో విత్తనాలు ఏర్పడతాయి. అంటే చాలా ఆర్కిడ్లకు తప్పని కీటకాల అవసరం దీనికి లేదు. కీటకాలతో బంధం తెగినా మిగతా రెండు బంధాలూ, శిలీంధ్రంతోనూ తడితోనూ ఉన్నవి, తెగలేదు. ఫ్లోరిడాలోనూ అది ఎక్కువగా నిలిచింది తేమ ఉన్న చోట్లనే. పైగా ఫలదీకరణ లేకుండా పుట్టే సంతానం తల్లికి నకలు. జన్యు వైవిధ్యం లేని మొక్కకు మారిన పరిస్థితులకు సర్దుకునే అవకాశం తక్కువ. ఇంత గట్టి మొక్కకే తడి తప్పనిసరైతే, కీటకమూ శిలీంధ్రమూ తడీ మూడూ కావలసిన హెబనేరియా వంటి నేల ఆర్కిడ్ల గతి ఊహించుకోవచ్చు.

అభయారణ్యం ఉంది కదా అన్నది మరో అభ్యంతరం. కిన్నెరసానిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ రక్షణ విలువైనదే. అయితే భూగర్భజలం సరిహద్దు రాళ్ల దగ్గర ఆగదు. 1889లో ఇల్లందు ప్రాంతంలోనే సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. ఉపరితల గని తవ్వితే గోతిలోకి ఊరే నీటిని తోడెయ్యక తప్పదు, దాంతో చుట్టుపక్కల నీటిమట్టం దిగుతుంది. బోర్లు, వాగులో ఇసుక తవ్వకం, పల్లాలను చదును చేయడం కూడా అదే పని చేస్తాయి. బొగ్గు వద్దనడం ఈ వాదన ఉద్దేశం కాదు. గనికీ రోడ్డుకీ అనుమతి ఇచ్చేటప్పుడు చెట్లను లెక్కిస్తున్నట్టే ఊటలనూ పల్లాలనూ లెక్కించాలి. ఇక మొక్కను పెకలించి కుండీలో పెట్టి కాపాడవచ్చనే ఆలోచన నిలవదు, ఎందుకంటే శిలీంధ్రం ఉన్న మట్టి, ఆ మట్టిని తడిపే ఊట కుండీలోకి రావు.

అటవీ శాఖ, పంచాయతీలు, కళాశాలల వృక్షశాస్త్ర విభాగాలు కలిసి డిసెంబర్ నుంచి మార్చి దాకా పూల కాలంలో వాగు ఒడ్డులను, అలుగు దిగువలను పరిశీలించి పటం మీద గుర్తిస్తే, రక్షణకు అదే మొదటి మెట్టు. ఆ పటంలోని ప్రతి గుర్తూ ఒక మొక్కకే పరిమితం కాదు, వానలు పోయి నెలలైనా నీరు మిగిలే చోటుకు ఆనవాలు. పశువులకూ మనుషులకూ కావలసింది కూడా ఆ నీరే.