పని పటములు: ఏ పనికి ఏది తగును?

కొన్ని సంవత్సరముల క్రిందట మేము మా సంఘమునకు ధాన్యపు గిడ్డంగి కట్టింప సంకల్పించితిమి. దాళ్వా ధాన్యము ఏప్రిల్ నడుమ కల్లములకు వచ్చును గనుక ఆలోపల గిడ్డంగి సిద్ధము కావలెనని నిశ్చయించి, సంక్రాంతి వెళ్లగానే జనవరి 16వ తేదీన పని ప్రారంభించితిమి. కార్యదర్శిగారు పెద్ద కాగితముపై పట్టీలు గీసి గోడకు తగిలించిరి. పునాదికి 20 దినములు, గోడలకు 30, పైకప్పునకు 10, నేల గచ్చునకు 15. వెరసి 75 దినములు. అనగా ఏప్రిల్ 1వ తేదీకి పని ముగియవలెను.

పని చక్కగా సాగినది. ఏ పట్టీకి ఆ పట్టీ గడువులోనే నిండినది. 50వ దినమున గోడలు లేచినవి. పటము చూచి మేమందరము మిక్కిలి సంతోషించితిమి. మరునాడు పైకప్పునకు ఇనుప ట్రస్సుల కొరకు పట్టణమునకు పోగా, అవి తయారగుటకు 45 దినములు పట్టునని కర్మాగారమువారు చెప్పిరి. పటములో పైకప్పు ఎత్తు పని యున్నది గాని, ట్రస్సులకు ముందుగా ఉత్తరువు ఇచ్చు పని లేదు! మేస్త్రీ తెలివిగలవాడు గనుక ఆ వేచియుండు కాలములో కప్పు లేకున్నను నేల గచ్చు ముగించెను. అయినను కప్పు పూర్తియగుసరికి 105 దినములైనవి. మే నెల వచ్చినది. ఈలోగా ఏప్రిల్ చివర కురిసిన అకాల వర్షమునకు, బరకములు కప్పినను, బయటనున్న బస్తాలు తడిసినవి. రంగు మారిన ధాన్యమునకు ధర తెగ్గోసిరి. ఆ నష్టము భరించినది సభ్యులే.

మేము గీసిన పట్టీల పటమును అమెరికాలో ఇంజనీరగు హెన్రీ గాంట్ (1861–1919) ప్రచారములోనికి తెచ్చెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అక్కడ ఓడల నిర్మాణమునకు దీనిని వాడిరి. అంతకు పూర్వమే, 1896లో, పోలెండు దేశీయుడగు కారోల్ ఆదమియెక్కి ఇట్టి పటమునే కల్పించెను. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియవలెనో, నేడు ఎంతవరకు వచ్చినదో ఇది చూపున్నంత తేటగా మరియొకటి చూపజాలదు. నాట్లు, ఎరువుల పంపకము, ధాన్యపు కొనుగోలు వంటి ఋతుబద్ధములైన పనులకు ఇదియే తగును. దీనిలో నిలువు గడులకు ఇంగ్లీషు నెలలకు మారు కార్తెల పేర్లు వ్రాయుట మా అనుభవములో మేలైనది. 27 కార్తెలు, ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. రోహిణిలో విత్తనము, మృగశిరలో నారుమడి యన్నచో వేరుగ వివరింప నక్కర లేదు. మా గుమాస్తా మొదట నవ్వెను గాని, తేదీలు చదువని వృద్ధులు సైతము ఆ పటమున్న గోడ దగ్గర నిలిచి తర్కించుట చూచి ఊరకుండెను.

అయితే ఒక పని మరియొక పనికొరకు ఎట్లు కాచుకొనియున్నదో పట్టీలు సాధారణముగా చెప్పవు. కట్టడములకు బాణముల పటము కావలెను. ఈ విధానము 1957లో అమెరికాలోని డ్యూపాంట్ రసాయన సంస్థలో ఒక రూపమునను, 1958లో అచటి నౌకాదళమువారి పొలారిస్ క్షిపణి నిర్మాణమున మరియొక రూపమునను వెలువడినది. పేరు పెద్దదైనను చేయుట సులభము. ప్రతి పనిని ఒక చీటిపై వ్రాసి, దాని క్రింద దినములు వేసి, "దీనికి ముందు ఏది ముగియవలెను?" అని అడుగుచు బాణములు గీయవలెను. మా గిడ్డంగికి ఇట్లు గీచియుండినచో, ట్రస్సుల చీటికి ముందు కొలతలు తప్ప మరేమియు లేవని మొదటి దినముననే బోధపడెడిది. అప్పుడే ఉత్తరువు ఇచ్చినచో 45వ దినమునకు ట్రస్సులు, 50వ దినమునకు గోడలు సిద్ధము. పునాది, గోడలు, పైకప్పు, గచ్చు అను దారియే అన్నిటికంటె దీర్ఘమైనది, 75 దినములు. ఆ దారిలో ఒక దినము జారిన గిడ్డంగి ఒక దినము జారును. ట్రస్సులకు 5 దినముల వెసులుబాటు కలదు. కావున అధ్యక్షులు ఎవరిని త్వరపెట్టవలెనో, ఎవరిని కొంత విడువవచ్చునో తెలియును.

ఋణముల అర్జీలకు పై రెండును పనికిరావు. అర్జీ దినదినము వచ్చును. దానికి మొదలు తుది లేదు. జపాను దేశమున టొయోటా మోటారు కర్మాగారములో తయిచీ ఓనో అను ఇంజనీరు రెండవ ప్రపంచయుద్ధానంతరము చీట్ల పద్ధతిని నెలకొల్పెను. దానికి కాన్‌బాన్ అని పేరు. మనము ఒక పలకపై "వచ్చినవి", "అడంగలు పరిశీలన", "పాలకవర్గము", "సొమ్ము చెల్లింపు" అని నాలుగు గడులు గీచి, అర్జీకొక చీటి చొప్పున జరుపుచు పోవచ్చును. 40 చీట్లలో 26 పరిశీలన గడిలోనే గుమికూడినచో, జాప్యము ఎచ్చటనున్నదో విచారణ లేకయే తెలియును. ఒక గడిలో ఇన్నిటికి మించరాదను హద్దు పెట్టుట ముఖ్యము. హద్దు లేని పలక త్వరలోనే చిత్తుకాగితముల బుట్టవలె అగును. అర్జీదారుల పేర్లు మాత్రము బహిరంగముగ వ్రాయరాదు, సంఖ్య చాలును. ఎవరికెంత అప్పో ఊరంతటికి తెలియనేల?

కాలువ పూడికతీత వంటి ఒకే కొలతగల పనికి ఒక్క గీత చాలును. 3,000 మీటర్లు 30 దినములలో తీయవలెనన్నచో దినమునకు 100 చొప్పున ఏటవాలుగ ఒక గీత గీచి, ప్రతి సాయంత్రము తీసిన దూరమును చుక్క పెట్టవలెను. చుక్క గీతకు దిగువనున్నచో కూలీలను పెంచవలెను.

ఏ పటమైనను "ముప్పాతిక అయినది" అను మాటను నమ్మి నింపరాదు. పూర్తియైన గోడ, చేతికందిన రసీదు, కొలిచిన మీటరు, ఇవియే లెక్క. నింపువాడు పని చేయించువాడు కాక వేరొక సభ్యుడైనచో మరింత మేలు. మా సంఘములో ఈ భారమును ఇద్దరు మహిళా సభ్యులు వహించినప్పటినుండి పటము అబద్ధమాడుట తగ్గినది.

ఇప్పుడు మేము ధాన్యము ఆరబోయుటకు సిమెంటు కల్లము వేయించుచున్నాము. ఈసారి ముందు చీట్లు పరచి బాణములు గీచితిమి. కంకర తోలించుటకు పొలములనుండి బండ్ల దారి తెరిపించు పని అందులోనే బయటపడినది. ఆ దారి ప్రక్కనున్న రైతులతో వచ్చే ఆదివారము మాటలాడుటకు నిశ్చయమైనది.