ఒక ఫేజు పోయిన పొయ్యి

కర్నూలు, కడప జిల్లాల్లో బోరు మీద సేద్యం చేసిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పని విద్య ఒకటి వస్తుంది. స్టార్టరు పెట్టె పక్కన మూడు బల్బులు పెట్టుకుంటారు. మూడూ సమానంగా వెలిగితే త్రీ ఫేజు వచ్చినట్టు, మోటారు వేయొచ్చు. ఒకటి ఆరిందంటే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయినట్టు. అది చూసుకోకుండా బటన్ నొక్కితే మోటారు తిరగదు, మూలుగుతుంది. అలాగే వదిలేస్తే వైండింగు కాలిపోతుంది. పులివెందుల నుంచి వెళ్లిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2004 మే 14న ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్తు మీద తొలి సంతకం పెట్టాక రైతుకు బిల్లు దిగులు తీరింది. ఫేజు దిగులు మాత్రం తీరలేదు.

అమెరికాలో వంటింటి ఎలక్ట్రిక్ పొయ్యి మొరాయించినప్పుడు పనికొచ్చేది సరిగ్గా ఈ విద్యే. సాఫ్ట్‌వేరు చదివిన కొడుకు పొయ్యి కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి లైన్లో వేచి ఉంటాడు. చూడ్డానికొచ్చిన నాన్న మాత్రం "కరెంటు సగమే వస్తోందేమో చూడ్రా" అంటాడు. చాలాసార్లు నాన్న మాటే నిజమవుతుంది.

అక్కడి ఇళ్లకు మూడు ఫేజులు రావు. వీధి ట్రాన్స్‌ఫార్మరు నుంచి రెండు కరెంటు తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఏ తీగకైనా న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు, రెండు తీగలకూ మధ్య 240. దీపాలు, ఫ్రిజ్జు, టీవీ 120తో నడుస్తాయి. పొయ్యి మీది కాయిళ్లకూ ఓవెన్‌కూ 240 కావాలి, అంటే రెండు తీగలూ ఉండాలి. అదే పొయ్యిలోని గడియారానికీ ఓవెన్ లోపలి దీపానికీ ఒక్క తీగ చాలు. అందుకే ఒక తీగ పోయినా గడియారం టైము చూపిస్తూనే ఉంటుంది, బటన్లు కీచుమంటూనే ఉంటాయి, కాయిలు మాత్రం వేడెక్కదు. ఇంటివాళ్లు "కరెంటు ఉంది కదా, పొయ్యే చెడింది" అని తీర్మానించేస్తారు.

అప్పుడు చూడాల్సింది పొయ్యిని కాదు, గరాజులోనో బేస్‌మెంటులోనో గోడకున్న బ్రేకర్ పెట్టెను. పొయ్యికి 40 లేదా 50 ఆంపియర్ల జంట బ్రేకరు ఉంటుంది. ట్రిప్ అయిన బ్రేకరు పూర్తిగా కిందికి పడిపోదు, ఆన్‌కూ ఆఫ్‌కూ మధ్య ఎక్కడో నిలబడుతుంది. పైపైన చూస్తే ఆన్‌లో ఉన్నట్టే అనిపిస్తుంది. దాన్ని నేరుగా ఆన్ వైపు తోస్తే పట్టుకోదు. ముందు ఆఫ్ వైపు గట్టిగా, టక్కుమనేదాకా నొక్కాలి, తర్వాతే ఆన్ చేయాలి. రీసెట్ అంటే చాలా పొయ్యిలకు ఇంతే. తెర మీద ఏదో అక్షరం, అంకె కలిసిన కోడు వచ్చి బటన్లు పనిచేయకపోయినా మందు ఇదే. కాకపోతే ఆఫ్ చేశాక అయిదు నిమిషాలు ఆగాలి, లోపలి బోర్డులో మిగిలిన కరెంటు పూర్తిగా దిగాలి. తిరిగి ఆన్ చేసే ముందు నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే మీరు గరాజులో ఉండగానే వంటింట్లో ఖాళీ కాయిలు ఎర్రబడుతుంది. బ్రేకరు వేసిన వెంటనే మళ్లీ పడిపోతే ఇక పంతం వద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

బ్రేకరు బాగానే ఉండి, ఇంట్లో సగం గదుల్లో దీపాలు కూడా పోయాయా? లేక ఓవెన్ వేయగానే ఆరిన దీపాలు మసకగా వెలుగుతున్నాయా? అయితే చాలావరకు తీగ తెగింది ఇంటి బయటే. ఓవెన్ కాయిలు గుండా కరెంటు అవతలి వైపుకు పాకి ఆ దీపాలను మిణుకుమనిపిస్తోందన్నమాట. ఇందులో మనం చేసేదేమీ లేదు, కరెంటు కంపెనీకి ఫోన్ చేయాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు. "మా పాత ఇంట్లో పది నిమిషాల్లో ఉడికేది, ఇక్కడ ఇంకా ఎక్కువసేపు పడుతోంది" అనేవాళ్లు ముందు తమ భవనానికి ఏ కరెంటు వస్తోందో కనుక్కోవాలి. పెద్ద అపార్ట్‌మెంట్ భవనాలు చాలావాటికి త్రీ ఫేజు కరెంటు వస్తుంది. వాటిలో ప్రతి ఫ్లాటుకూ రెండు ఫేజులిస్తారు, ఆ రెంటి మధ్య 208 వోల్టులే ఉంటాయి. వేడి వోల్టేజీ వర్గానికి తగ్గట్టు మారుతుంది కాబట్టి 240కి తయారైన కాయిలు 208 దగ్గర ముప్పాతిక వేడే ఇస్తుంది. అందుకే అక్కడి పొయ్యిల ప్లేటు మీద రెండు వోల్టేజీలకు రెండు వాటేజీలు అచ్చువేసి ఉంటాయి. మన ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఇల్లున్నవాళ్లు రోజూ పడే లో వోల్టేజీ బాధ లాంటిదే ఇది. చికాగో వెళ్లినా వదల్లేదు.

అసలు చెడిపోకుండానే చెడిపోయినట్టు కనిపించే పొయ్యిలే ఎక్కువ. గాజు పలక పొయ్యి మీద ఎర్రటి వెలుగు వచ్చి పోతుంటే కంగారు పడనక్కర్లేదు. పలక పగలకుండా ఒక పరికరం వేడిని కాసేపు ఆపి, మళ్లీ వదులుతుంటుంది. 2018 తర్వాత అమెరికాలో తయారైన కాయిల్ పొయ్యిల్లో భద్రతా ప్రమాణం ప్రకారం ఇలాంటిదే ఇంకోటి చేరింది. నూనె అంటుకునేంత వేడెక్కక ముందే అది కాయిలును ఆపేస్తుంది. మంచిదే, కానీ మన వంటకు అడ్డం. ఊరినుంచి తెచ్చిన గుండ్రటి అడుగు బాణలిని దాని మీద పెడితే అడుగు కాయిలుకు ఆనదు. వేడి గిన్నెలోకి పోకుండా కాయిలు దగ్గరే నిలిచిపోతుంది, పొయ్యి భయపడి ఆగిపోతుంది. సంగటి ఎసరు మరిగీ మరగనట్టు ఉంటుంది, జొన్నరొట్టె మీద మచ్చలు పడవు. చదునుగా, మందంగా అడుగున్న గిన్నె పెట్టి చూడండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. గాజు పలక మీద ఇంకో జాగ్రత్త కూడా కావాలి. సంగటి గెలికేటప్పుడు గిన్నె కింద పలక గీసుకుపోతుంది, కాబట్టి గిన్నెను దించి, నేల మీదో బల్ల మీదో పెట్టి గెలకడమే మేలు. అరిసెల బెల్లం పాకం పొంగి పలక మీద పడితే మాత్రం చల్లారేదాకా ఆగకూడదు. చల్లారి గట్టిపడిన పాకం గాజును పెచ్చులుగా లేపేస్తుంది. పొయ్యి ఆపి, చేతికి మందపాటి తొడుగు వేసుకుని, వేడి మీదే గీకుడు బ్లేడుతో తీసేయాలి.

బటన్లు ఏవీ పలకకపోతే తాళం పడిందేమో చూడండి. చాలా పొయ్యిల్లో లాక్ బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే తాళం పడుతుంది, మళ్లీ అలాగే నొక్కితే ఊడుతుంది. తడిబట్టతో తుడిచినా పడొచ్చు. కొన్ని ఓవెన్లలో శనివారం పనులు ముట్టని యూదుల కోసం సబ్బాత్ అమరిక ఉంటుంది. పొరపాటున అందులోకి పోయినా ఓవెన్ మొద్దుబారినట్టే ఉంటుంది. ఇక తనంతట తాను శుభ్రం చేసుకునే సెల్ఫ్ క్లీన్ జోలికి దీపావళి విందు ముందు రోజు మాత్రం పోవద్దు. దాదాపు 480 డిగ్రీల సెల్సియస్ వేడికి లోపలి రక్షణ ఫ్యూజు పోయి ఓవెన్ మూగబోయిన ఇళ్లు తక్కువేం కాదు.

ఒక్క కాయిలే వేడెక్కకపోతే ఊడదీసి, అదే సైజు పక్క కాయిలును ఆ చోట పెట్టాలి, బ్రేకరు ఆపాకే సుమా. పక్కది వెలిగితే పాత కాయిలు పోయింది. అదీ వెలగకపోతే కింది సాకెట్టు మాడిందో స్విచ్చి పోయిందో. పొయ్యిని బయటికి లాగినవాళ్లు తిరిగి తోసేటప్పుడు వెనక కాలు నేలకు బిగించిన కొక్కెంలో దూరిందో లేదో చూడాలి. అది దూరకపోతే, తెరిచిన ఓవెన్ తలుపు మీద పెద్ద గిన్నె బరువు పడగానే పొయ్యి మొత్తం ముందుకు ఒరుగుతుంది.

ఇక ఊళ్లో అమ్మానాన్నలకు ఇండక్షన్ పొయ్యి కొనిపెట్టేవాళ్ల సంగతి. 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. ఫోను ఛార్జరు పెట్టే చిన్న సాకెట్టు కరిగిపోతుంది, గీజరుకు వేసే 16 ఆంపియర్ల సాకెట్టే వేయించాలి. అయస్కాంతం అంటుకోని గిన్నెను ఈ పొయ్యి గుర్తించదు, అల్యూమినియం కుక్కరు పెడితే కోడు చూపించి ఊరుకుంటుంది. మే నెలలో కర్నూలు వంటిల్లు నలభై డిగ్రీలు దాటుతుంది, అప్పుడు కింది ఫ్యాను రంధ్రాలు మూసుకుపోయేలా ప్లాస్టిక్ గుడ్డ మీద పొయ్యి పెడితే అది వేడికి తట్టుకోలేక ఆగుతుంది. వంటయ్యాక ఫ్యాను నిలిచేదాకా గోడ స్విచ్చి కట్టేయకూడదు.

వోల్టేజీ తక్కువని చెప్పే కోడు పదేపదే వస్తుంటే తప్పు పొయ్యిది కాదు. యర్రగుంట్ల దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం, ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నా, వీధి చివర లైను సన్నగా ఉంటే ఇంటికి వచ్చేది ఆ సన్నపాటి కరెంటే. 190 వోల్టుల దగ్గర మామూలు కాయిల్ హీటరు వేడి మూడింట రెండు వంతులకు పడిపోతుంది, ఇండక్షన్ పొయ్యి మాత్రం వోల్టేజీ ఇంకా తగ్గితే పనే మానేస్తుంది. అలాంటప్పుడు మెకానిక్ కన్నా ముందు 1912కు ఫోన్ చేయించండి. బిల్లు మీది సర్వీసు నంబరు చేతిలో ఉంచుకుని, ఏ వేళల్లో వోల్టేజీ పడుతోందో, పక్కిళ్లలోనూ అలాగే ఉందో లేదో చెప్పమనండి.