శరత్కాలమున తోటపని



లండను నగరమునకు పడమటివైపున, థేమ్సు నదీతీరమున, క్యూ ఉద్యానవనము కలదు. 1759వ సంవత్సరమున రాజకుటుంబమువారి చిన్నతోటగా మొదలై, నేడది సుమారు 320 ఎకరముల మహావనమైనది. అందు నేను తోటపని నేర్చుకొనుచున్నవాడను. శరత్కాలమున మా దినచర్య యెట్లుండునో, దానివలన మన పల్లెలకేమి లాభమో విన్నవించెదను.

అక్టోబరు నెలలో అచ్చట ప్రొద్దు ఆలస్యముగా పొడుచును. ఉదయపు పని రాలిన ఆకుల నెత్తుట. చలికాలమున వేళ్లకు నీరందుట కష్టము గనుక, ఓక్, బీచ్ మొదలగు వృక్షములు ముందే ఆకు రాల్చి తమ్ము కాపాడుకొనును. ఆకులోని సారమును చాలవఱకు కొమ్మలలోనికి లాగుకొనిన పిమ్మటనే దానిని విడుచును. కావున ఎండుటాకునందు ఎరువుసత్తువ కొంచెమే. దాని గొప్పతనము నేలను గుల్లగా నుంచుటలోను, తేమను నిలుపుటలోను ఉన్నది. పచ్చికపై ఆకు దట్టముగా పడియున్న, వెలుతురందక గడ్డి కుళ్లును. అందుచే దంతెలతో పోగుచేసి కుప్ప వేయుదుము. ఒకటి రెండేండ్లకు ఆ కుప్ప నల్లని మెత్తని మన్నువలె మారును.

మధ్యాహ్నము తులిపు మొదలగు దుంపలను నాటుదుము. దుంప యెత్తునకు రెండు మూడింతల లోతున, మొన పైకుండునట్లుంచి మన్ను కప్పవలెను. శీతకాలపు చలి సోకినగాని తులిపు వసంతమున చక్కగా పూయదు.

పిమ్మట చెట్ల మొదళ్ల పని. ఇందు తోటవారికి గురువైనది ఒక చెట్టే. టర్నర్ ఓక్ అనునది 1798 ప్రాంతమున నాటబడినది. కొంతకాలముగా అది క్షీణించుచుండెను. 1987 అక్టోబరు 16వ తేది తెల్లవారుజామున ఇంగ్లండు దక్షిణభాగమున పెనుగాలి చెలరేగి, ఈ తోటలో సుమారు 700 చెట్లను కూల్చెను. టర్నర్ ఓక్‌ను మాత్రము వేళ్లతో పైకెత్తి, మరల అచ్చటనే దింపెను. ఇక బ్రదుకదని తలంచి, కూలిన చెట్ల పని తీరిన తరువాత దానిని కొట్టవచ్చునని విడిచిరి. మూడేండ్లకు చూడగా అది నవనవలాడుచుండెను! ఏండ్ల తరబడి జనులు త్రొక్కుటచే నేల బిగిసి, వేళ్లకు గాలియు నీరును అందకుండెను. పెనుగాలి ఆ నేలను గుల్లచేసెను. అటుపిమ్మట తోటవారు బిగిసిన నేలలోనికి యంత్రముతో గాలి యెక్కించుట నేర్చిరి. మేమును మొదలుచుట్టు పచ్చిక తొలగించి, మాఁగిన ఆకుమన్నును మూడు నాలుగంగుళముల మందమున పఱతుము. మ్రానుకు మాత్రము తగులనీయము. తగిలిన బెరడు చివుకును.

మన యూళ్లలోనో? రచ్చబండ రావి క్రిందను, తోపులోని మామిడి క్రిందను బండ్లు, ట్రాక్టరులు నిలిపి, పశువులను కట్టి, నేలను రాయి చేయుదుము. రాలిన ఆకును ఊడ్చి కాల్చుదుము. ఆపై చెట్టు మోడువాఱెనని దైవమును నిందింతుము. తాతలు నాటిన చెట్టు ఒకమాఱు పోయిన, మనుమల కాలమునకుగాని ఆ నీడ తిరిగి రాదు. దీనికి యంత్రమక్కఱలేదు. చెట్టు క్రింద బరువు నిలుపకుండ కట్టడి చేయుడు. రాలిన ఆకును ఆ చెట్టు మొదటికే చేర్చుడు. తక్కిన పనిని వానయు, వానపాములును చేయును. ఈ కట్టడి చేయదగినవారు ఊరి పెద్దలైన మీరే.