తనిఖీకి వచ్చినామె వ్రాత

పురపాలక సంఘములు కట్టించిన ఇండ్లలో బీదలు అద్దెకుండుట బ్రిటనులో పాత ఏర్పాటు. అయితే ఎవరికి ఏ ఇల్లు దక్కునన్నది 1960 ప్రాంతమున చాలచోట్ల ఒక తనిఖీని బట్టియు నుండెడిది. సంఘోద్యోగిని యొకతె దరఖాస్తుదారుల ఇంటికి వచ్చి, పడకలు, పొయ్యి పరికించి, ఇల్లాలి శుభ్రతను ‘మంచిది’, ‘ఫరవాలేదు’, ‘నాసి’ యని వ్రాసికొని పోయెడిది. స్నానపుగదియైన లేని కొంపలో, నలుగురు బిడ్డలతో, ఆ యిల్లాలు ఎంత శుభ్రత చూపగలదు? ‘మంచిది’ పడినవారికి కొత్త ఇల్లు. ‘నాసి’ పడినవారికి కూల్చివేతకు సిద్ధమైన పాత ఇల్లు. అట్టివారందరు ఒక్కచోట చేరగా ఆ వీధికే చెడ్డపేరు వచ్చెడిది. 1969లో కలింగ్‌వర్త్ ఉపసంఘము ఈ తరగతుల పద్ధతిని ఆక్షేపించినది. ఐనను వ్యత్యాసము పోలేదు. 1984లో లండనులోని హాక్నీని గూర్చి విచారణ నివేదిక వెలువరించిన జాతి సమానత్వ సంఘము, నల్లజాతి కుటుంబములకు తెల్లవారికంటె తక్కువరకపు ఇండ్లే దక్కినవని తేల్చినది. అట్లిమ్మని వ్రాసిన నియమమేదియు అచట లేదు.