తెర చదివే గొంతు

మా మిత్రుడొకాయనకు చూపు లేదు. కంప్యూటర్ ముందు కూర్చోగానే తెర ఆర్పేస్తాడు, కరెంటు దండగని. స్పీకర్లోంచి గబగబా వచ్చే మాటలు నాకు కందిరీగల రొద. ఆయన మాత్రం ఆ వేగంలోనే వింటూ, మధ్యమధ్య నాతో కబుర్లు కూడా చెబుతాడు.

తెర మీది రాతను అలా చదివి వినిపించే ప్రోగ్రాంను స్క్రీన్ రీడర్ అంటారు. ఆ పేరు నిజానికి ఒక ఐబీఎం సరుకుది. 1980లలో జిమ్ థాచర్, చూపులేని తన గురువు జెస్సీ రైట్ కోసమని మొదలుపెట్టిన పని అది. పోనుపోనూ ఆ జాతి మొత్తానికీ అదే పేరైంది.

విండోస్‌కు ముందు, డాస్ రోజుల్లో దాని పని తేలిక. తెర అంటే అడ్డంగా 80, నిలువుగా 25 గళ్లు. ఏ గడిలో ఏ అక్షరముందో మెమరీలో దాని సంఖ్య ఉండేది. తీసి పలికితే సరి. విండోస్ వచ్చి అక్షరాన్ని చుక్కల ముగ్గు చేసేసింది. ముగ్గును చదవడమెలా? ఫలానా అక్షరం గీయమని ప్రోగ్రాం పంపే ఆజ్ఞను దారిలోనే పొంచి విని, తెరకు ఒక నకలు రాసుకోవడం నేర్చింది రీడర్. దొంగచాటు విద్యే, కానీ ఎంత తెలివి!

ఒకప్పటి మోటార్‌సైకిల్ రేసర్ టెడ్ హెంటర్ 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. 1989లో ఆయన కంపెనీ తెచ్చిన జాస్ అనే రీడర్ లోకమంతా పాకింది. ధర మాత్రం కొండెక్కి కూర్చుంది. అది గిట్టకే, తానూ చూపులేనివాడైన ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కరన్ 2006లో ఎన్‌వీడీఏ అనే రీడర్ రాసి ఊరికే పంచిపెట్టాడు. తర్వాత జేమ్స్ టే అనే ఆయన తోడై, 2007లో ఇద్దరూ కలిసి సంస్థ పెట్టారు. ఎన్‌వీడీఏతోపాటే వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగూ పలుకుతుంది, రేకు డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టు.

మరి ఇబ్బందెక్కడ? మన దగ్గరే. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. అయినా డీటీపీ వాళ్లు పాత ఫాంట్లు వదలరు. వాటిలో కంటికి కనిపించేది ‘అ’, లోపల దాగింది ఏదో ఇంగ్లిషు గుర్తు. రీడర్ పాపం లోపలున్నదే చదువుతుంది: కామా, డాలర్, బ్రాకెట్... ఇక స్కాన్ చేసిన కాగితమైతే ఆ గొణుగుడూ ఉండదు, అది వట్టి ఫొటో.

మొన్న పింఛన్ల సర్క్యులర్ ఒకటి మా మిత్రుడి ఫోనుకు అలా ఫొటోగానే వచ్చింది. నన్ను చదివి పెట్టమన్నాడు. నాలుగు వాక్యాలు చదివానో లేదో ఆయనకు విసుగొచ్చింది.

“కాస్త స్పీడు పెంచవయ్యా!”