మన ఇంటి కొత్తిమీర

పిల్లలారా! పప్పు దించే ముందు అమ్మ దానిలో ఏ ఆకు వేస్తుంది? క్రియోలు భాషలో దానిని మనము కోతోమిలి అంటాము. తెలుగులో దాని పేరు కొత్తిమీర. కారిపులే అంటే కరివేపాకు. ఈ క్రియోలు మాటలు తమిళము నుండి వచ్చాయి. 1834 తరువాత చెరకు తోటలలో పని చేయుటకు మన ముత్తాతలు ఓడలలో మారిషసు దీవికి వచ్చారు. తెలుగువారిలో చాలామంది కోరంగి రేవులో ఓడ ఎక్కారు. వారి వెంట వంటలూ వచ్చాయి, మాటలూ వచ్చాయి.

కొత్తిమీరను మీరే పెంచవచ్చును. పెరడు లేకపోయినా ఒక కుండీ చాలు.

కొత్తిమీర గింజలే ధనియాలు. వేయించినవి మొలవవు. పాతవి సరిగా మొలవవు. ఒక్కొక్క ధనియములో రెండు గింజలు కలిసి ఉంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తితే అవి విడిపోతాయి. గట్టిగా ఒత్తకండి! పొడి అయితే కూరకు పనికివస్తుంది గాని కుండీకి పనికిరాదు. విడిన గింజలను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. తెల్లవారిన తరువాత మట్టిలో చల్లి, పైన ఒక సెంటీమీటరు మందము మట్టి కప్పండి.

మొలక రావడానికి ఒక వారము పడుతుంది. ఒక్కొక్కప్పుడు రెండు వారములు కూడా పడుతుంది. మొలిచిందా లేదా అని మట్టి తవ్వి చూడకండి.

కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండాలి. చిన్నప్పుడు నేను పాలపొడి డబ్బాలో ధనియాలు చల్లాను. రంధ్రము చేయలేదు. ప్రేమతో రోజూ మూడుసార్లు నీళ్ళు పోశాను. మొలకలన్నీ కుళ్ళిపోయాయి. వేళ్ళకు నీరు కావాలి, గాలి కూడా కావాలి. మట్టి నిండా నీరే ఉంటే గాలికి చోటెక్కడ? వేలితో మట్టిని తాకి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి.

రంధ్రము నుండి కారిన నీరు కుండీ క్రింది పళ్ళెములో నిలుస్తుంది. అక్కడ దోమ గుడ్లు పెడుతుంది. నల్లని ఒంటిమీద తెల్లని చారలుండే దోమను మీరు చూచారా? అది పగటిపూట కుడుతుంది. 2006లో ఆ దోమల వలన మన దీవిలో వేలమందికి చికున్‌గున్యా జ్వరము వచ్చింది. కీళ్ళ నొప్పితో చాలామంది నడవలేకపోయారు. గుడ్డు దోమగా మారుటకు వారము పది దినములు చాలు. కనుక వారానికి రెండుసార్లు పళ్ళెములోని నీరు పారబోయండి. ఊరికే పారబోస్తే చాలదు. గుడ్లు పళ్ళెము అంచుకు అంటుకొని ఉంటాయి. బ్రష్షుతో రుద్ది కడగాలి.

కొత్తిమీరకు చల్లని కాలము ఇష్టము. మన దేశములో మే నుండి సెప్టెంబరు వరకు మంచి అదను. జనవరి ఎండలలో అది త్వరగా పూతకు వస్తుంది, ఆకు తగ్గుతుంది. అప్పుడు కుండీని మధ్యాహ్నపు నీడలో ఉంచండి. తుఫాను హెచ్చరిక వింటే లోపల పెట్టండి.

సౌదీ అరేబియాలోని జెద్దా నగరములో అల్ అజీజియా అనే పేట ఉంది. భారతదేశము నుండి పనికి వెళ్ళిన కుటుంబములు చాలా అక్కడ ఉంటాయి. అక్కడ వానలు బహు తక్కువ. సముద్రపు నీటిలోని ఉప్పు తీసివేసి, ఆ నీటినే ఎక్కువగా వాడుతారు. వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట శీతాకాలములోనే కొత్తిమీర చల్లాలి. మనకు జూన్, జూలై చల్లన. వారికి డిసెంబరు, జనవరి చల్లన.

పుదీనా ఇంకా సులభము. బజారు నుండి తెచ్చిన ఒక కొమ్మను నీళ్ళలో నిలబెడితే వేళ్ళు వస్తాయి. దానికి వేరే కుండీ ఇవ్వండి. లేకపోతే అది ప్రక్క మొక్కల చోటంతా ఆక్రమిస్తుంది.

మొక్క జానెడు ఎత్తు పెరిగితే ముందు బయటి ఆకులు కోయండి. లోపలి లేత ఆకులు పెరుగుతూ ఉంటాయి. నత్తలు తిరిగి ఉంటాయి గనుక ఆకులు బాగా కడిగి అమ్మకు ఇవ్వండి. రెండు మూడు మొక్కలను మాత్రము కోయకండి. తెల్లని పూలు పూచి గింజ కడతాయి. గింజలు గోధుమ రంగుకు తిరిగి ఎండిన తరువాత రాల్చి, కాగితములో పొట్లము కట్టి, పైన నెల, సంవత్సరము వ్రాసి దాచండి.