అది ఫ్రీ పీపీఎఫ్ కాదు నాన్నా! కొత్త కారు ట్రాన్స్‌పోర్ట్ ఫిల్మ్‌ని ఎనిమిది నెలల తర్వాత తీస్తే ఏమైంది?

కొత్త ఫోన్ బాక్స్ ఓపెన్ చేయగానే డిస్‌ప్లే మీద ఫీచర్లు ప్రింట్ చేసిన పల్చటి ప్లాస్టిక్ ఉంటుంది కదా. దాన్ని అంచు పట్టుకుని లాగితే వచ్చే ‘సర్ర్’ సౌండ్ కోసమే అన్‌బాక్సింగ్ వీడియోలు చూసేవాళ్లున్నారు. నేనూ అదే బ్యాచ్. మొన్న మే నెలలో అదే పని కారు బానెట్ మీద చేయాల్సి వచ్చింది. సౌండ్ రాలేదు. గోరంత ముక్క ఊడి చేతిలోకొచ్చింది, మిగతాది అక్కడే ఉంది.

కారు నాన్నది. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఖమ్మంలో సంక్రాంతికి ముందు కొన్నారు. ఆయన జీవితంలో మొదటి కారు, ముదురు నీలం రంగు. డెలివరీ రోజు నేను హైదరాబాద్‌లో రిలీజ్ పనిలో ఇరుక్కుపోయి వెళ్లలేకపోయాను. వీడియో కాల్‌లో బానెట్ మీద, టాప్ మీద తెల్లటి ఫిల్మ్ కనిపించింది. షోరూమ్ వాళ్లు తీసిస్తారులే అనుకుని ఏం అడగలేదు. తీరా మేలో ఇంటికెళ్తే అది అలాగే ఉంది. అంచుల దగ్గర పసుపు రంగుకి తిరిగి, ఎండిన అప్పడంలా పగిలిపోయి.

“ఇదేంటి నాన్నా, ఇంకా తీయలేదా?” అన్నాను.

“తీస్తామన్నార్రా, నేనే వద్దన్నా. నువ్వే చెప్పావుగా, పెయింట్ మీద ప్లాస్టిక్ షీట్ వేయిస్తే గీతలు పడవు, డెబ్భై ఎనభై వేలవుతుందని. కంపెనీ వాళ్లే ఫ్రీగా వేసిచ్చారు కదా అనుకున్నా” అన్నారు.

నేను చెప్పింది పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ గురించి. ఫోన్‌లో రెండు నిమిషాలు గొప్పగా చెప్పి వదిలేశాను. తప్పు సగం నాదే.

రెండిటికీ తేడా ఏంటంటే, పీపీఎఫ్ పారదర్శకంగా ఉండే పాలీయురేథేన్ షీట్. దాదాపు 150 నుంచి 200 మైక్రాన్ల మందం, ఏళ్ల తరబడి ఎండని తట్టుకునేలా చేస్తారు. ట్రాన్స్‌పోర్ట్ ఫిల్మ్ మాత్రం పాలిథిన్ జాతి ప్లాస్టిక్. పల్చగా, తెల్లగా, వెనక తక్కువ బలమున్న జిగురుతో ఉంటుంది. ఎండని వెనక్కి కొట్టడానికే ఆ తెలుపు. ఫ్యాక్టరీ నుంచి షోరూమ్ దాకా ట్రైలర్ మీదో రైల్లోనో వచ్చే కారు మీద పక్షి రెట్టలు, దుమ్ము, రైలు చక్రాల నుంచి రాలే సన్నటి ఇనుప రజను పడకుండా చూడటమే దాని డ్యూటీ. ఒకప్పుడు ఇదే పనికి కార్ల మీద మైనం పూత పూసేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే ఇది టెంపరరీ ఫిక్స్. ప్రొడక్షన్‌లో మర్చిపోతే ఏమవుతుందో మీకు తెలుసు.

ఇలాంటి ఫిల్మ్‌లు సాధారణంగా బయట ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఓర్చుకుంటాయి. మన ఎండల్లో ఆ లెక్కని తక్కువ వైపు నుంచే వేసుకోవాలి. పైగా గడియారం డెలివరీ రోజున మొదలవ్వదు, ఫ్యాక్టరీలో అతికించిన రోజునే మొదలవుతుంది. నాన్న జేబులోంచి ఆర్‌సీ కార్డు తీసి తయారీ నెల చూస్తే సెప్టెంబర్ అని ఉంది. అంటే ఇంటికొచ్చేసరికే నాలుగు నెలలు, నేను చూసేసరికి ఎనిమిది. అందులో ఖమ్మం ఏప్రిల్, మే కూడా ఉన్నాయి. అతినీలలోహిత కిరణాలకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, వేడికి జిగురు పెయింట్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఫిల్మ్‌కి బలం తగ్గి, జిగురుకి పట్టు పెరిగింది. అందుకే గోరంత గోరంత ముక్కలు.

బానెట్ ఎడమ మూల ఒకచోట మాత్రం అప్పటికే ఫిల్మ్ లేదు. పిల్లి గీరినట్టు నాలుగైదు గీతలున్నాయి. నాన్న అటు చూడట్లేదు. అమ్మే చెప్పింది, “పోయిన వారం మీ నాన్న నా అట్లకాడ తీసుకెళ్లారు.”

ఏం మాట్లాడలేదు ఎవరం. పక్కింటి అంకుల్ మాత్రం గోడ మీదుగా థిన్నర్ సజెస్ట్ చేశారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం కలిపితే వంద మైక్రాన్ల పైచిలుకు, అందులో పైనుండే క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కంటే పల్చన. థిన్నర్ దాన్ని పాడుచేయొచ్చు, పక్కనున్న ప్లాస్టిక్ భాగాలనైతే ఖాయంగా తినేస్తుంది.

మొదటి రోజు నేనూ తప్పే చేశాను. మధ్యాహ్నం ఎండలో మెత్తబడి ఉంటుంది కదా అని లాగాను. ఫిల్మ్ సాగి తెగింది, జిగురు మొత్తం పెయింట్ మీదే ఉండిపోయింది. మరుసటి రోజు పొద్దున్నే ఆరింటికి, నీడలో, ముందు షాంపూతో శుభ్రంగా కడిగి మొదలుపెట్టాను. కడగకపోతే అంచుల్లో ఉన్న ఇసుకే గీతలు పెడుతుంది. అమ్మ హెయిర్ డ్రైయర్‌ని ఒక జానెడు దూరంలో, ఒకేచోట ఆపకుండా ఆడిస్తూ వేడి చేశాను. నా దగ్గరున్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మొదటిసారి నిజంగా పనికొచ్చింది. 50 డిగ్రీలకి అటూ ఇటూ ఉన్నప్పుడు ఫిల్మ్ బాగా వచ్చింది. థర్మామీటర్ లేకపోయినా పర్వాలేదు, చేయి పెడితే వేడిగా ఉండాలి కానీ వెనక్కి తీసుకునేంత కాదు. (ఒక మాట: క్రోమ్ మీద ఈ థర్మామీటర్ రీడింగ్ నమ్మకండి. మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది.)

అసలు కిటుకు లాగడంలో ఉంది. పైకి నిటారుగా లాగొద్దు. చాపని మడిచినట్టు ఫిల్మ్‌ని దాని మీదకే మడుస్తూ, చాలా నెమ్మదిగా లాగాలి. ఈ జిగురుని ఎంత స్పీడ్‌గా లాగితే అంత గట్టిగా ఎదురుతిరుగుతుంది. నిమిషానికి ఒక బెత్తెడు వచ్చినా అదృష్టమే. నేను డ్రైయర్ పట్టుకుంటే నాన్న లాగారు. ఆయన చేయి నాకంటే నిదానం. బానెట్‌కి రెండున్నర గంటలు, టాప్‌కి ఇంకో పొద్దున మొత్తం.

మిగిలిన జిగురు కోసం మొదట ఫోన్ రిపేర్ కిట్‌లోని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. లేత మరకలు పోయాయి, ముదిరినవి కదల్లేదు. కార్ల యాక్సెసరీస్ షాపులో దొరికే టార్ రిమూవర్ పనిచేసింది. ముందు ఎవరికీ కనపడని చోట చుక్క వేసి చూసి, తర్వాత మైక్రోఫైబర్ క్లాత్ తడిపి జిగురు మీద రెండు మూడు నిమిషాలు పరిచి ఉంచాలి. అప్పుడు రుద్దక్కర్లేదు, తుడిస్తే చాలు. మొండి ముక్కలకి పాత ఏటీఎం కార్డుకి బట్ట చుట్టి వాడాను. బ్లేడు జోలికి వెళ్లొద్దు. అయ్యాక మళ్లీ షాంపూ వాష్, తర్వాత వాక్స్.

రిజల్ట్? బానెట్ అద్దంలా వచ్చింది. టాప్ మీద మాత్రం ఫిల్మ్ అంచు ఉన్నచోట ఒక సన్నటి గీత, నీళ్లు నిలిచిన ముడతల దగ్గర మసక మచ్చలు మిగిలాయి. కంపౌండ్‌తో పాలిష్ చేస్తే చాలావరకు పోతాయి కానీ, ప్రతి పాలిష్‌కీ ఆ 40 మైక్రాన్లలోంచే కొంత కోత పడుతుంది. వేడి చేస్తే మచ్చలు కొన్ని తగ్గాయి కాబట్టి ప్రస్తుతానికి వదిలేశాం. అట్లకాడ గీతల్లో రెండిటికి గోరు తగులుతోంది. గోరు తగిలితే సాధారణంగా పాలిష్‌తో పోయే లోతు కాదని అర్థం. ఆ మూల టచప్ పెయింట్ వేయించాలి.

మీ ఇంట్లో కారు డెలివరీ ఉంటే ఒక్క పని చేయండి. ఫిల్మ్‌ని మీ కళ్ల ముందే తీయమని చెప్పి, కింద పెయింట్ చూసుకున్నాకే సంతకం పెట్టండి. మీరు వెళ్లలేకపోతే కనీసం వీడియో కాల్‌లో అడగండి. నేను అడగలేదు.

సాయంత్రం నాన్న కారు వీధిలోకి తీసి, నీలం రంగు మీద వీధి దీపం పడేలా పార్క్ చేసి ఫొటో తీయమన్నారు. ఎడమ మూల రాకుండా. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఇంకా తీయనివ్వలేదు, దసరాకి మాట్లాడదామన్నారు.